వరసలో మొదటి బిందె

దీపం కాస్త తగ్గించు లల్లీ. చినబాబూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? కాళ్ళు ముడుచుకో. ఊఁ, సర్దుకున్నారా? అయితే వినండి.

అనగా, అనగా, ఇంకా అనగా... ఎన్నిసార్లు అనగా అంటే, మీరిద్దరూ గిల్లుకోడం మానేదాకా అనగా, ఒక ఊరుంది. ఆ ఊరి పేరు నీళ్ళపాలెం. పేరుకే నీళ్ళపాలెం గానీ ఊళ్ళో నీటిచుక్క లేదు. మీ బాబాయికి శాంతారావని పేరు పెట్టలేదూ, అలాగన్నమాట. నుయ్యి తవ్వితే ఉప్పునీళ్ళు, గుంట తవ్వితే బురదనీళ్ళు. మంచినీళ్ళు కావాలంటే పొలాలకి అడ్డంపడి పొరుగూరి ఏటికి పోవాల్సిందే. పాపం ఆడవాళ్ళ నడుములు పడిపోతుండేవి. అందరూ కలిసి రాజుగారి దగ్గరికెళ్ళి మొర పెట్టుకున్నారు.

రాజు మంచివాడేలే. కొండమీది ఊటనుంచి గొట్టం వేయించి, ఊరి నడివీధిలో ఒక కుళాయి పెట్టించాడు. సింహం మొహం కుళాయి. పొద్దున్నే కాకి అరవగానే ఆ సింహం నోట్లోంచి నీళ్ళు మొదలయ్యేవి, గుమ్మాల్లోకి ఎండ రాగానే ఆగిపోయేవి. ఏంటి చినబాబూ? రాజుల కాలంలో కుళాయిలెక్కడివంటావా? నా కథ, నా రాజు, నా కుళాయి. నీ కథలో నువ్వు విమానం పెట్టుకో, నేనేమన్నా అడ్డొస్తానా?

కుళాయి వచ్చిన మొదటిరోజే ఊళ్ళో జుట్లూ జుట్లూ పట్టుకున్నారు. నేను ముందంటే నేను ముందు. నీళ్ళకన్నా కన్నీళ్ళే ఎక్కువ కారాయట ఆ రోజు. ఆ గోల రాజుగారి చెవిన పడింది. ఆయన వెంటనే దండోరా వేయించాడు. ఇవాళ్టినుంచి అందరూ వరసలో నీళ్ళు పట్టుకోవాలి. ఒక్కరు వరస తప్పినా సరే, కుళాయి పీకించి పొరుగూరికి ఇచ్చేస్తానన్నాడు. కాపలాకి ఒక తలారిని కర్ర ఇచ్చి నిలబెట్టాడు.

మరి మన ఊళ్ళవాళ్ళ సంగతి తెలుసుగా. ఇంటి పని వదులుకుని వరసలో ఎవరు నిలబడతారు? మనిషికి బదులు బిందెని నిలబెట్టారు. ముందురోజు సాయంత్రమే బిందె పెట్టేసి ఇంటికి పోయేవాళ్ళు. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. దాంతో కుళాయి దగ్గర రెండు కట్టుబాట్లు పుట్టాయి. ఒకటి, ఖాళీ బిందెని సొంతదారు తప్ప ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. రెండోది, నిండిన బిందె ఒక్క క్షణం కూడా వరసలో ఉండకూడదు, ఎత్తుకుపోవాల్సిందే. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి, ముందుముందు పని పడుతుంది. ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టాలి, దోమలు కూడా లేచిపోయేలా.

ఆ వరసలో ఎప్పుడూ మొదటి బిందె గవరమ్మ అనే ముసలావిడది. ముందూ వెనకా ఎవరూ లేరు ఆవిడకి. సొట్టలు పడ్డ ఇత్తడి బిందె ఒకటీ, నోరు ఒకటీ, అంతే ఆస్తి. ఆ నోరు మాత్రం... అమ్మో! ఆవిడ బిందె మీద ఎవరి నీడ పడినా సరే, వాళ్ళ ఏడుతరాల వాళ్ళనీ పేరుపేరునా పిలిచి తిట్టేది. ఒకసారి ఆవిడ వెనక నిలబడే మంగాయమ్మ కాలి బొటనవేలు ఆ బిందెకి తగిలిందని, చింతచెట్లు పూత పూసిన దగ్గర్నుంచి కాయలు కాసేదాకా తిట్టింది. ఊళ్ళో పిల్లలు ఆ తిట్లు వల్లెవేసుకుని పలకమీద రాసేసేవాళ్ళట. మీరు మాత్రం రాయకండి.

అలాంటి గవరమ్మ ఒకరోజు సాయంత్రం ఎప్పట్లాగే మొదట బిందె పెట్టింది. ఇంటికెళ్ళి పడుకుంది. మరి లేవలేదు.

ఊరంతా కలిసి చెయ్యాల్సినవన్నీ సక్రమంగానే చేశారు. తర్వాత కుళాయి దగ్గరికొచ్చి చూస్తే ఏముంది? వరసలో మొదట గవరమ్మ బిందె, ఖాళీగా. ఇప్పుడేం చెయ్యాలి? జరుపుదామంటే ఖాళీ బిందెని ముట్టుకోకూడదు. దాటిపోదామంటే వరస తప్పినట్టు. కుళాయి ఊడిపోతుంది. నువ్వు ముట్టుకోవే అంటే నువ్వు ముట్టుకోవే అనుకున్నారు. చచ్చి దయ్యమై వచ్చి తిడుతుందేమోనని మంగాయమ్మ అయితే ఆ దరిదాపులకే రాలేదు. తలారిని అడిగితే, నా పని వరస చూడ్డమేగానీ బిందెలు జరపడం కాదని కర్ర తిప్పుకుంటూ పోయాడు.

ఇంకేముంది! రోజూ కాకి అరుస్తుంది, సింహం నోట్లోంచి నీళ్ళు దభదభా పడతాయి, కాలవలో కలిసిపోతాయి. ఊరంతా చుట్టూ నిలబడి గుటకలు మింగుతూ చూస్తుంది. ఎండ పడగానే నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడు వేరే కుండలు పట్టుకుని, మళ్ళీ ఏటికి పోతారు! నవ్వుతావేంటే లల్లీ? నిన్న నీ పళ్ళెంలో కూర ఎవరు వడ్డించాలని అన్నాచెల్లెళ్ళు చూసుకుంటూ కూర్చుంటే పిల్లి వచ్చి తినిపోలేదూ? నీళ్ళపాలెం ఎక్కడో లేదమ్మా.

వరస చూడండి మరి. మొదట గవరమ్మ బిందె. బిందె వెనక మంగాయమ్మ బిందె. ఆ బిందె వెనక తప్పేలా. తప్పేలా వెనక కడవ. కడవ వెనక చెవి విరిగిన గంగాళం. గంగాళం వెనక కొబ్బరిచిప్ప. కొబ్బరిచిప్ప ఎందుకంటే, అది పెట్టినవాడికి బిందె లేదు, చోటు మాత్రం కావాలి. అన్నీ ఖాళీయే.

ఇలా ఉండగా మంగాయమ్మ కొడుకు బుల్లెబ్బాయికి పెళ్ళయింది. కోడలు పేరు కోటిరత్నం. చామనఛాయ పిల్ల, కళ్ళు మాత్రం చురుగ్గా ఉంటాయి. వాళ్ళమ్మ సారెలో ఒక కొత్త ఇత్తడి బిందె పెట్టి పంపింది, చింతపండు పెట్టి తోమితే అద్దంలా మెరిసే బిందె. బండి దిగి గుమ్మంలోకి అడుగు పెట్టబోతే మంగాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందమ్మాయ్, కొత్తకోడలు పుట్టింటి బిందెతో ఊరి నీళ్ళు తెచ్చి, నిండు బిందెతో గడప దాటాలి, మా అత్తా అలాగే వచ్చింది నేనూ అలాగే వచ్చానంది.

అదెంత పనని కోటిరత్నం కులుకుతూ కుళాయికి వెళ్ళింది. చూస్తే నీళ్ళు పడుతున్నాయి, ఊరంతా చూస్తోంది! పిచ్చివాళ్ళ ఊరికి వచ్చానా ఏమిటనుకుంది. తలారి ఆపి సంగతంతా చెప్పి, కొబ్బరిచిప్ప వెనక చోటు చూపించాడు. పాపం, బిందె అక్కడ పెట్టి ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

ఏటినుంచి తెస్తానంటే మంగాయమ్మ ఒప్పుకోలేదు. ఏరు పొరుగూరిది, పొరుగూరి నీళ్ళతో నా గడప దాటతావా, మా రోజుల్లో అంటే ఉప్పునూతి నీళ్ళు తెచ్చాం, ఇప్పుడు నాకు ఊరి కుళాయి నీళ్ళే కావాలంది. పోనీ ఈసారికి ఉత్తినే రానివ్వమని బుల్లెబ్బాయి గొణిగితే, నీకు తెలీదు నువ్వూరుకో అంది. వచ్చే శుక్రవారందాకా చూస్తానమ్మాయ్, అప్పటికీ నిండు బిందె రాకపోతే అదే బండి కట్టించి పుట్టింటికి పంపేస్తాను, ఖాళీ బిందె ఇంట్లోకొస్తే ఇల్లు గుల్లవుతుందని ఖరాఖండీగా చెప్పేసింది.

అలా కొత్త పెళ్ళికూతురు అరుగుమీద కాపురం పెట్టింది. కంచం కిటికీలోంచి అందించేవాళ్ళు. బుల్లెబ్బాయి లోపల, పెళ్ళాం బయట. అమ్మ అటు తిరగగానే కిటికీ దగ్గరికొచ్చి అరిసె ముక్క ఇచ్చి, ఉప్పు సరిపోయిందా అని అడిగేవాడట. అరిసెలో ఉప్పేంటి చెప్పండి! ఏదో ఒక మాట కలపాలిగా. ఆ వెర్రి మాటకే కోటిరత్నానికి మొగుడి మీద ప్రేమ పుట్టేసింది. ఇతన్ని వదిలి పుట్టింటికి పోవడమా, పోనుగాక పోను అనుకుంది. కానీ శుక్రవారం రానే వస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ నీళ్ళు బిందెలో పడితే ఎంత బావుణ్ణని తనలో తనే నవ్వుకునేది.

గురువారం మిట్టమధ్యాహ్నం. అరుగుమీద ఎండ కాలిపోతోంది. ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. కోటిరత్నం వెళ్ళి కుళాయి దగ్గర చూరు నీడలో కూచుంది. అక్కడ ఎవరో మాగాయ ముక్కంత ముసలమ్మ, సొట్టబిందె పక్కన గొంతుక్కూచుని ఉంది. కిందికి చూస్తే పాదాలు వెనక్కి తిరిగున్నాయి.

దగ్గరికి జరక్కండి, ఇది భయపెట్టే దయ్యం కాదు. కోటిరత్నానికీ గుండె గుభేలుమంది. కానీ రేపు పుట్టింటికి పోవాల్సిన దానికి ఇవాళ దయ్యమేం లెక్క? నెమ్మదిగా, గవరమ్మత్తవేనా అని అడిగింది.

అంతే, ముసలమ్మ మొదలెట్టింది. ఈ ఊరివాళ్ళ నోట్లో మన్ను పడ! కళ్ళు కనపడవా, చేతులు పడిపోయాయా? చచ్చినదాన్ని ఎన్నాళ్ళని నిలబడను వరసలో? గొంతు తడారిపోయి పైకి పోలేకపోతున్నాను. రోజూ కళ్ళముందు నీళ్ళు పడతాయి, దయ్యపు చేతికి బిందె లేవదు. ఒక్క ముండ... లల్లీ, ఆ మాట నువ్వు విననట్టే. ఒక్కళ్ళూ నా బిందె పట్టి నింపరే!

నేను నింపనా అత్తా, అంది కోటిరత్నం.

నా బిందె ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను, అంది గవరమ్మ. అలవాటు కదా, నోట్లోంచి అదే వచ్చేసింది. అని, తనే ఉలిక్కిపడింది.

అప్పుడు ముసలమ్మ గొంతు మారిపోయింది. "బతికున్నన్నాళ్ళూ ఎవరూ ఆ మాట అడగలేదే పిల్లా," అంది. "నాకు జ్వరమొస్తే చోటు పట్టేవాళ్ళు లేరు. నడుం పట్టేస్తే మోసేవాళ్ళు లేరు. అందుకే అందరికన్నా ముందు పెట్టేదాన్ని. ముట్టుకుంటే తిట్టేదాన్ని. లేకపోతే నా చోటు నాకెవరు ఉంచుతారే?"

కోటిరత్నం ముసలమ్మ పక్కకి జరిగి కూచుంది. తను అరుగుమీద కూచున్నన్నాళ్ళూ ఊళ్ళో ఎంతమంది చూస్తూ పోలేదు! అడిగినవాళ్ళున్నారా? ఒంటరిగా ఉండడమంటే ఏమిటో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. అత్తా, రేపు పొద్దున్న నీ బిందె నేను నింపుతాను, ఊళ్ళోవాళ్ళు నమ్మాలి కదా, ఏదైనా గుర్తు చెప్పమని అడిగింది. గవరమ్మ బోసినోటితో నవ్వి చెవిలో ఒక మాట చెప్పింది. ఆ మాటేంటో ఇప్పుడు చెప్పను. ఊ కొడితే చెప్తాను. ఊఁ.

తెల్లారింది. శుక్రవారం. మంగాయమ్మ వాకిట్లో బండి కట్టించేసింది. కాకి అరిచింది. నీళ్ళు మొదలయ్యాయి. అప్పుడే డబడబామని గుర్రం మీద రాజుగారు దిగాడు. రాత్రంతా వేటలో దారి తప్పి, నాలుక పిడచకట్టుకుపోయి వచ్చాడు. నీళ్ళు నీళ్ళు అంటూ కుళాయి దగ్గరికి ఉరికితే తలారి కర్ర అడ్డం పెట్టాడు. మహారాజా, వరస! తమరి ఆజ్ఞే! రాజుగారు మాత్రం ఏం చేస్తాడు? బిందె లేదు. తలమీద కిరీటం తీసి వరస చివర తిరగేసి పెట్టి, పక్కకెళ్ళి కూచున్నాడు.

ఇప్పుడు వరస చూడండి. గవరమ్మ బిందె, బిందె వెనక మంగాయమ్మ బిందె, బిందె వెనక తప్పేలా, తప్పేలా వెనక కడవ, కడవ వెనక గంగాళం, గంగాళం వెనక కొబ్బరిచిప్ప, చిప్ప వెనక కోటిరత్నం కొత్త బిందె, కొత్త బిందె వెనక రాజుగారి కిరీటం!

కోటిరత్నం కొంగు బిగించి నేరుగా వరస మొదటికి నడిచింది. ఊరంతా హాఁ అంది. తలారి కర్ర ఎత్తాడు. వరస తప్పుతున్నావు ఆగమన్నాడు.

"నేనెక్కడ తప్పానయ్యా? నా బిందె ఆఖర్నే ఉంది చూడు," అంది కోటిరత్నం. "ఈ బిందె సొంతదారు నన్ను నింపమంది. అందుకని నింపుతున్నాను."

చచ్చినావిడ ఎప్పుడు చెప్పిందని అందరూ నవ్వారు. అప్పుడు కోటిరత్నం దూరంగా నిలబడ్డ అత్తగారి వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగింది. అత్తయ్యగారూ, ఆ రోజు మీ బొటనవేలు ఈ బిందెకి పొరపాటున తగల్లేదటగా, కావాలనే తగిలించారటగా అంది.

మంగాయమ్మ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. ఆ సంగతి తనకీ గవరమ్మకీ తప్ప మూడో మనిషికి తెలీదు. రోజూ ఆవిడే మొదట ఉండడం చూడలేక తగిలించాను తల్లోయ్ అని, గాల్లోకి దణ్ణం పెట్టేసింది. ఇంకెవరూ నవ్వలేదు.

కోటిరత్నం సొట్టబిందె తీసి సింహం నోటి కింద పెట్టింది. చెయ్యి విరుగుతుందేమోనని ఊరంతా కళ్ళు మూసుకుంది, రాజుగారు ఒక కన్నే మూసుకున్నాడు. బుడబుడబుడ... బిందె నిండింది. నిండిన బిందె వరసలో ఉండకూడదుగా! గుర్తుందా? రెండో కట్టుబాటు! కోటిరత్నం ఎత్తి చంకన పెట్టుకుంది. ఇన్నాళ్ళ వరస గలగలా కదిలింది. ఇంత చిన్న పని మనకెందుకు తట్టలేదర్రా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ పిల్ల కాలవ గట్టున వంగి, బిందె నెమ్మదిగా వంచింది. ధార పడుతోంది గానీ నేల తడవడం లేదు. మధ్యలోనే ఎవరో దోసిలి పట్టి తాగేస్తున్నట్టు మాయమైపోతోంది. గటగటా తాగిన చప్పుడు ఊరంతా విన్నారు. సగం బిందె అయ్యాక ఒక పెద్ద తేన్పు వినపడింది. తర్వాత గవరమ్మ గొంతు. ఏమందనుకున్నారు? చల్లగా ఉండవే పిల్లా అంది. ఆవిడ నోట దీవెన వినడం ఆ ఊరికి అదే మొదలు. మిగిలిన సగం ఎవరూ లేనివాళ్ళకి పొయ్యమని చెప్పి పైకి పోయింది.

అలా ఒంటరిగా ఉన్నవాడెవడా అని చూస్తే, వరస చివర కిరీటం పెట్టి కూచున్న రాజుగారు! ఆయన అక్కడే మోకాళ్ళమీద కూచుని దోసిలి పట్టి ఆ సొట్టబిందె నీళ్ళు తాగాడు. ప్రాణం లేచొచ్చిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇదంతా జరిగేలోపల అటు వరస నడుస్తోంది. మంగాయమ్మ బిందె నిండింది. తప్పేలా నిండింది. కడవ నిండింది. గంగాళం నిండింది. కొబ్బరిచిప్ప కూడా నిండింది. కోటిరత్నం పరుగున వచ్చి తన కొత్త బిందె పెట్టింది.

అప్పుడే గుమ్మాల్లో ఎండ పడింది. సింహం నోట్లోంచి ఒక చుక్క... ఇంకో చుక్క... అంతే. ఆగిపోయింది.

ఊరందరికీ నీళ్ళిప్పించిన పిల్ల బిందె మాత్రం ఖాళీ. వాకిట్లో బండి ఎద్దుల మెడలో గంటలు వినపడుతున్నాయి. బుల్లెబ్బాయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దదిక్కు మంగాయమ్మ కదా, అందరూ ఆవిడకేసే చూశారు.

మంగాయమ్మ నిండు బిందె చంకన పెట్టుకుని ఇంటికేసి నడిచింది. నాలుగడుగులేసింది. ఆగింది. గిర్రున వెనక్కి వచ్చింది. మొహం మాడ్చుకునే, తన బిందెలోంచి చెంబెడు ముంచి కోడలి బిందెలో పోసింది. ఏంటలా చూస్తారు, నా ఇంటి ఆనవాయితీ నేనే పోస్తానంది. అప్పుడు తప్పేలా ఆవిడ ఒక చెంబు పోసింది. కడవ ఆవిడ ఒక చెంబు. గంగాళం ఆవిడ ఒక చెంబు. కొబ్బరిచిప్ప వాడు చిప్పడూ పోసేశాడు, వాడికింక ఏం మిగల్లేదు పాపం. చెంబు మీద చెంబు పోసేసరికి బిందె అంచులదాకా నిండి పొర్లింది.

కోటిరత్నం నిండు బిందెతో గడప ముందు నిలబడింది. బండి విప్పించేసిన మంగాయమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. "ఊరి నీళ్ళు తెమ్మన్నాను," అంది. "మా అత్త తెచ్చింది ఒక బిందెడు, నేను తెచ్చింది ఒక బిందెడు. ఊరందరి నీళ్ళూ తెచ్చినదానివి నువ్వే. కుడికాలు పెట్టి లోపలికి రా తల్లీ." బుల్లెబ్బాయి అరిసె పట్టుకుని లోపల సిద్ధంగా ఉన్నాడు. ఈసారి ఉప్పు సంగతి అడగలేదట.

రాజుగారు మళ్ళీ దండోరా వేయించాడు. కుళాయి దగ్గర మొదటి బిందె ఎప్పటికీ గవరమ్మ బిందే. ఎవరు ముందొస్తే వాళ్ళు దాన్ని నింపి, మంచంలో ఉన్నవాళ్ళకో, దారినపోయేవాళ్ళకో, ఎవరూ లేనివాళ్ళకో ఇచ్చి, ఆ తర్వాతే తమ బిందె పట్టుకోవాలి. ఇప్పటికీ ఆ ఊళ్ళో అలాగే చేస్తారు. ముట్టుకుంటే ఎవరూ తిట్టరు.

అందుకే నాయనా, ఎవరైనా ఊరికే కస్సుబుస్సుమంటుంటే పారిపోకండి. వాళ్ళకి దాహమేస్తోందేమో, ఒక్కసారి అడగండి. తిట్టడం వచ్చినవాళ్ళందరికీ అడగడం రాదు.

ఇదిగో, కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి దూరిపోదాం. చినబాబూ, నిద్రపోయావా? ఊఁ అంటున్నాడు వెధవ, నిద్రలో కూడా. నువ్వెక్కడికే లల్లీ చీకట్లో? ఏంటీ... నాకు మంచినీళ్ళా? నేనడగలేదుగా!

ఇలా తే తల్లీ. నిజంగానే దాహమేస్తోంది.